గ్రంథాలయంలో ప్రశ్న చేతులు మారేటప్పుడు: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి ఇక రెండు రోజులే గడువు ఉందనగా, నేను అప్పట్లో పనిచేస్తున్న విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఒక పరిశోధక విద్యార్థిని ఉదయం పదిన్నరకు వచ్చారు. ఇతరుల రచనలతో ఎంత భాగం పోలి ఉందో చెప్పే సిమిలారిటీ రిపోర్టులో ఆమెకు 12 శాతం వచ్చింది. అందులో గ్రంథసూచి, ఉల్లేఖనలు కూడా లెక్కలోకి చేరాయేమో చూసి, వాటిని మినహాయించి మళ్లీ రిపోర్టు ఇవ్వగలరా అన్నది ఆమె ప్రశ్న. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే సర్క్యులేషన్ కౌంటర్‌లో ఉన్నవారు మొదటి అంతస్తులోని ఈ-రిసోర్సెస్ విభాగానికి వెళ్లమన్నారు. అక్కడ ఆ పని చూసేవారు సెలవులో ఉన్నందున, పక్క సీటులోని ఉద్యోగి రిఫరెన్స్ విభాగంలో అడగమన్నారు. రిఫరెన్స్‌లోని వారు ఇది పరిపాలనా భవనంలో ఉన్న రిసెర్చ్ సెల్ తేల్చవలసిన విషయమన్నారు. రిసెర్చ్ సెల్ వారు రిపోర్టు ఇచ్చేది లైబ్రరీయే కదా అని తిప్పి పంపారు. సాయంత్రం నాలుగింటికి ఆమె మళ్లీ అదే సర్క్యులేషన్ కౌంటర్ ముందుకు వచ్చి నిలబడ్డారు. చేతిలో ఒక చీటీ ఉంది. దాని మీద నాలుగు రకాల చేతిరాతల్లో గది నంబర్లు తప్ప మరేమీ లేవు.

ఆ చీటీ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఆ రోజు ఎవరూ ఆమెను విసుక్కోలేదు, ఎవరూ తెలిసి తప్పు చెప్పలేదు. ప్రతి ఒక్కరూ తమకు తెలిసిన మేరకు సరైన దారే చూపించారు. అయినా ఆమె రోజంతా చెప్పులరిగేలా తిరగవలసి వచ్చింది, ఎందుకంటే మేము మనిషిని పంపాము గానీ ప్రశ్నను పంపలేదు. ఆమె అంతకుముందు ఎవరిని కలిశారో, వారు ఏం చెప్పారో, గడువు ఎప్పటిదో తర్వాతి గదిలోని వారికి తెలిసే మార్గం లేదు. పైగా ఆ ప్రశ్న చిన్నది కాదు. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం 10 శాతం వరకు ఉన్న పోలికకు చర్య అక్కర్లేదు. 10 దాటి 40 శాతం లోపు ఉంటే మాత్రం, ఆరు నెలలు మించని గడువులోగా సవరించిన ప్రతిని మళ్లీ సమర్పించాలి. అవే నిబంధనలు గ్రంథసూచిని, విషయసూచికను, ముందుమాటను, కృతజ్ఞతలను, మూలం చెప్పి ఉల్లేఖించిన భాగాలను లెక్కలోంచి తీసివేయమంటాయి. కాబట్టి ఆమె అడిగింది న్యాయమైన ప్రశ్న, దానికి మా దగ్గరే జవాబు ఉంది కూడా. ఆ జవాబు ఉన్న మనిషి దగ్గరికి అది చేరలేదు, అంతే.

విశ్వవిద్యాలయ గ్రంథాలయాల్లో పాఠకుల ప్రశ్నలను ఒక విభాగం నుంచి మరో విభాగానికి అందించే పద్ధతులు ప్రధానంగా ఆరు కనిపిస్తున్నాయి. వాటిలో ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో తోటి గ్రంథపాలకుల కోసం ఇక్కడ పోల్చి చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రశ్నను మొదట విన్నవారే అది తీరేదాకా దానికి పూచీ వహించాలన్న నియమం లేకపోతే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ పెట్టినా పాఠకుడు తిరుగుతూనే ఉంటాడు. ఆ నియమం ఉంటే ఒక రిజిస్టరు, ఒక ఫోన్‌తో కూడా చాలా దూరం రావచ్చు.

ఎంపికకు ముందు రెండు వారాల లెక్క

పద్ధతిని ఎంచుకునే ముందు కనీసం రెండు వారాల పాటు అన్ని కౌంటర్లలో ఒక లెక్క రాయించాలి. వచ్చిన ప్రతి ప్రశ్ననూ రాయనక్కర్లేదు. తమ దగ్గర తీరక మరొకరి దగ్గరికి పంపిన వాటిని మాత్రమే రాస్తే చాలు: ఏం అడిగారు, ఎక్కడికి పంపాము, తిరిగి వచ్చారా లేదా. ప్రశ్నల బరువును కూడా గుర్తించాలనుకునేవారికి రీడ్ స్కేల్ ఉపయోగపడుతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బెల్లా కార్ గెర్లిక్ రూపొందించిన ఈ కొలమానం జవాబుకు పట్టే శ్రమను బట్టి ప్రశ్నలను ఆరు మెట్లుగా విడదీస్తుంది. మంచినీళ్లు ఎక్కడన్న ప్రశ్న మొదటి మెట్టు, రోజుల తరబడి వెతకవలసినది ఆరో మెట్టు. మన అవసరానికి ఆరు మెట్లూ వాడాలని పట్టుబట్టనక్కర్లేదు. వెంటనే తీరేది, విభాగం మారవలసినది, గ్రంథాలయం గడపే దాటవలసినది అని మూడుగా విడదీసినా చిత్రం తేటతెల్లమవుతుంది.

ఈ లెక్క వేసినప్పుడు సాధారణంగా తెలిసివచ్చే మొదటి విషయం ఏమిటంటే, బదిలీ అవుతున్న ప్రశ్నల్లో కొన్నింటికి అసలు బదిలీయే అక్కర్లేదు, వాటికి వేరే దారి ముందే ఉంది. కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్ వాడుతున్న గ్రంథాలయంలో ఫలానా పుస్తకం తెప్పించండన్న విన్నపం కౌంటర్ నుంచి ఆక్విజిషన్ విభాగానికి నోటిమాటగా వెళ్లవలసిన పని లేదు. పాఠకుడే ఓప్యాక్‌లో, అంటే ఆన్‌లైన్ క్యాటలాగులో, కొనుగోలు సూచన నమోదు చేయవచ్చు. అది పరిశీలనలో ఉందా, ఆర్డరు వెళ్లిందా, పుస్తకం వచ్చిందా అన్న స్థితి కూడా అతనికి కనిపిస్తుంది. అలాగే క్యాటలాగులో రచయిత పేరు తప్పు పడిందన్న ఫిర్యాదు. 22.11 వెర్షన్ నుంచి కోహాలో క్యాటలాగు దోషాలను నేరుగా నమోదు చేసే సదుపాయం ఉంది, సెట్టింగులలో దాన్ని తెరిచి ఉంచితే చాలు. ఇలాంటివి తీసివేశాక మిగిలే ప్రశ్నలకే కొత్త పద్ధతి కావాలి, ఆ మిగులు మనం భయపడినంత పెద్దది కాదు.

రెండో విషయం, గడప దాటే ప్రశ్నలు పెరుగుతున్నాయి. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025 నుంచి 2027 వరకు మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 మంది ప్రచురణకర్తలకు చెందిన దాదాపు 13,000 ఈ-జర్నళ్లు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల 6,300కు పైగా విద్యా, పరిశోధన సంస్థలకు యూజీసీ కింద పనిచేసే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం సమన్వయంతో అందుతున్నాయి. ఇది మన ప్రాంత విశ్వవిద్యాలయాలకు ఎంతో మేలు చేసిన పథకం. కానీ ఒక జర్నల్ తెరుచుకోకపోతే అంతకుముందులా మన ఈ-రిసోర్సెస్ విభాగం ఒక ప్రచురణకర్తకు మెయిల్ రాసి తేల్చుకునే పరిస్థితి అన్నివేళలా లేదు. ఇంటి నుంచి లాగిన్ కావడం లేదన్న ఒక్క ఫిర్యాదే పాఠకుడి పాస్‌వర్డు దగ్గర, మన కంప్యూటర్ సెంటర్ దగ్గర, ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే లాగిన్ వ్యవస్థ ఇన్‌ఫెడ్ దగ్గర, ప్రచురణకర్త దగ్గర, ఎక్కడైనా ఆగి ఉండవచ్చు. అటువంటి ప్రశ్నను పాఠకుడి భుజాన వేసి మీరే కనుక్కోండి అనడం సరికాదు.

ఆరు పద్ధతులు

మొదటిది, దారి చూపి పంపడం. ఖర్చు లేదు, శిక్షణ అక్కర్లేదు. అందుకే ఇది అంతటా ఉంది. జిరాక్స్ ఎక్కడ, నో డ్యూస్ సంతకం ఎవరు పెడతారు, రిఫరెన్స్ హాలు ఎన్నింటికి మూస్తారు లాంటి వాటికి ఇదే సరైనది. అంతకు మించిన దేనికీ ఇది పనికిరాదు. దీన్ని వాడక తప్పని చోట కూడా గది నంబరుతో పాటు సీటులో ఉన్నవారి పేరు, వారు ఉండే వేళ చెప్పగలగాలి. సెలవులో ఉన్నవారి దగ్గరికి పాఠకుణ్ణి పంపకుండా ఉండటానికి ఆ రోజు ఎవరెవరు ఉన్నారో తెలిపే ఒక కాగితం ప్రతి కౌంటర్‌లో ఉంటే చాలు.

రెండోది, ఫోన్ చేసి లేదా వెంట వెళ్లి అప్పగించడం. పెళ్లిలో అప్పగింతలప్పుడు పిల్ల చేతిని అవతలివారి చేతిలో పెట్టి మరీ మాట చెబుతారు. ఇదీ అలాంటిదే. పాఠకుడు ఎదురుగా ఉండగానే ఇంటర్‌కమ్‌లో అవతలి విభాగానికి విషయం వివరించి, వారు ఉన్నారని, వారి వల్ల అవుతుందని నిర్ధారించుకున్నాకే పంపడం. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్‌లోని రిఫరెన్స్ విభాగం 2004లో సవరించిన ప్రవర్తనా మార్గదర్శకాలలో కూడా ఇదే ఉంది. పాఠకుణ్ణి మరోచోటికి పంపేటప్పుడు ముందుగా ఫోన్ చేయాలని, ఎంత సమాచారం కావాలో, ఇప్పటికే ఏయే ఆకరాలు చూశారో అవతలివారికి తెలియజేయాలని అవి సూచిస్తాయి. రెండు నిమిషాల పని ఇది. దీనివల్ల పాఠకుడికి కలిగే భరోసా మరే పద్ధతిలోనూ రాదు. అయితే దీనికి రెండు పరిమితులున్నాయి. పాఠకుడు ఎదురుగా లేనప్పుడు, అంటే మెయిల్‌లోనో ఫోన్‌లోనో అడిగినప్పుడు, ఇది సగమే పనిచేస్తుంది. పైగా ఎక్కడా రాత ఉండదు కాబట్టి వారం తర్వాత ఆ ప్రశ్న ఏమైందని అడిగితే చెప్పగలిగేవారు ఉండరు.

మూడోది వాట్సాప్ గ్రూపు. దీని గురించి మార్గదర్శకాలలో ఎవరూ రాయరు గానీ, మన రెండు రాష్ట్రాలలో వాడుకలో ఉన్నది చాలాచోట్ల ఇదే. కౌంటర్‌లోని ఉద్యోగి పాఠకుడి గుర్తింపు కార్డు ఫొటో తీసి, కింద ఒక్క వాక్యం రాసి సిబ్బంది గ్రూపులో పెడతారు. చూసినవారు చూస్తారు. వేగంలో దీనికి సాటి లేదు. కరెంటు పోయింది, సర్వర్ ఆగింది, ఫలానావారు సెలవు అన్న కబుర్లకు ఇది చక్కగా సరిపోతుంది. ప్రశ్నల అప్పగింతకు మాత్రం దీన్ని ఆధారం చేసుకోవద్దని గట్టిగా చెబుతాను. అందరికీ చెప్పిన పని ఎవరికీ చెప్పినట్టు కాదు. మధ్యాహ్నం పెట్టిన ప్రశ్న సాయంత్రానికి పండుగ శుభాకాంక్షల కింద పూడుకుపోతుంది. పైగా పాఠకుడి ఫోన్ నంబరు, హాల్ టికెట్ నంబరు, అతను ఏ విషయం మీద చదువుతున్నాడన్న సంగతి అందరి సొంత ఫోన్లలో శాశ్వతంగా మిగిలిపోతాయి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చాక దీన్ని చూసీచూడనట్టు వదిలేయడం ఇంకా కష్టం. చట్టం సంగతి అలా ఉంచినా, ఎవరు ఏం చదువుతున్నారో గుట్టుగా ఉంచడం మన వృత్తి ధర్మం.

నాలుగోది ఉమ్మడి మెయిల్. అన్ని విభాగాలకూ కలిపి ఒకే చిరునామా ఉంటుంది. పాఠకులు దానికే రాస్తారు, కౌంటర్‌లో విన్న ప్రశ్నలను కూడా సిబ్బంది దానికే పంపుతారు. చాలా విశ్వవిద్యాలయాలకు గూగుల్ వర్క్‌స్పేస్ ఎలాగూ ఉంది కాబట్టి గూగుల్ గ్రూప్స్‌లోని కొలాబరేటివ్ ఇన్‌బాక్స్ సదుపాయాన్ని తెరిస్తే అదనపు ఖర్చు లేకుండానే ప్రతి ఉత్తరాన్నీ ఒక సభ్యునికి అప్పగించవచ్చు, పని పూర్తయిందని గుర్తు పెట్టవచ్చు. ఒకే పాస్‌వర్డును నలుగురూ పంచుకునే పద్ధతికి, దీనికి చాలా తేడా ఉంది. అక్కడ ఎవరు ఏ జవాబు ఇచ్చారో తెలియదు, ఒకరు తెరిచి చదివి మూసేసిన ఉత్తరం చదివినట్టుగా మారి మిగతావారి కంట పడదు. ఉమ్మడి మెయిల్‌కు కావలసినదల్లా రోజూ ఉదయం ఒకరు కూర్చుని వచ్చినవాటిని పంచడం. ఆ ఒక్కరు ఎవరో వారం వారం జాబితా వేయకపోతే మాత్రం ఇది కూడా వాట్సాప్ బాటే పడుతుంది.

ఐదోది టికెట్ సాఫ్ట్‌వేర్. ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు వస్తుంది. ఎవరి దగ్గర ఉంది, ఎన్ని రోజులైంది, ఎన్నిసార్లు చేతులు మారింది అన్నీ నమోదవుతాయి. ఓస్‌టికెట్, రిక్వెస్ట్ ట్రాకర్ ఓపెన్ సోర్స్ కాబట్టి లైసెన్సు రుసుము ఉండదు. ఓస్‌టికెట్ పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ మీద నడుస్తుంది. కోహాను సొంతంగా నడుపుకుంటున్న గ్రంథాలయానికి ఇది కొత్త లోకమేమీ కాదు. అందులో విభాగాలను విడివిడిగా ఏర్పాటు చేయవచ్చు. పాఠకుడికి కనిపించే జవాబు వేరు, సిబ్బంది లోపల రాసుకునే గమనిక వేరు. ఈ రెండో సదుపాయం అప్పగింతకు ప్రాణం లాంటిది. స్ప్రింగ్‌షేర్ సంస్థ లిబ్‌ఆన్సర్స్ ప్రత్యేకంగా గ్రంథాలయాల కోసమే తయారైంది. ఒకసారి ఇచ్చిన జవాబును అందరికీ కనిపించే తరచు ప్రశ్నల జాబితాలోకి మార్చడం అందులో తేలిక. అయితే దానికి ఏటా చందా కట్టాలి, ఆ మొత్తం మన బడ్జెట్లలో పుస్తకాల పద్దులోంచే వస్తుందన్న విషయం మరువరాదు. సాఫ్ట్‌వేర్ ఏదైనా దాని అసలు ఖర్చు దాన్ని చూసుకునే మనిషే. ఆ ఒక్క ఉద్యోగి కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయాక సర్వర్ అప్‌డేట్ చేసేవారు లేక నిలిచిపోయిన టికెట్ వ్యవస్థను నేను స్వయంగా చూశాను. తెరుచుకోని ఆ పేజీకి మూడు నెలల పాటు పాఠకులు వస్తూనే ఉన్నారు.

ఆరోది కౌంటర్లనే కలిపేయడం. అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం 1990ల మొదట్లో పాత రిఫరెన్స్ డెస్కును తీసివేసింది. ముందు భాగంలో శిక్షణ పొందిన విద్యార్థులతో ఒక సమాచార కౌంటర్‌ను, లోపల గ్రంథపాలకులు ఒక్కొక్క పాఠకుడితో తీరికగా కూర్చుని మాట్లాడే సలహా కార్యాలయాన్ని ఏర్పాటు చేసింది. తేలిక ప్రశ్నలు ముందే తీరిపోతాయి, బరువైనవి మాత్రమే లోపలికి వెళతాయి. ఆలోచన మంచిది. కానీ దీని బలమంతా ముందు కూర్చున్నవారికి తమకు ఏది తెలియదో తెలియడంలో ఉంది. తెలిసినట్టు జవాబు చెప్పి పంపేస్తే ఆ ప్రశ్న లోపలికి రానే రాదు. మన దగ్గర కౌంటర్‌లో కూర్చునేవారిలో ఔట్‌సోర్సింగ్ సిబ్బంది ఎక్కువ, ఏడాది తిరక్కుండానే మారిపోతుంటారు. వారికి శిక్షణ ఇవ్వకుండా కౌంటర్లు కలిపితే ప్రశ్నలు తగ్గినట్టు లెక్కల్లో కనిపిస్తుంది గానీ పాఠకులకు మేలు జరగదు.

అప్పగింత చీటీలో ఏముండాలి

పద్ధతుల మధ్య తేడాల కంటే నేను ఎక్కువ పట్టించుకునేది ఈ చిన్న విషయాన్ని. ఏ పద్ధతి ఎంచుకున్నా చివరికి ఒకరు రాసినది మరొకరు చదవాలి. ఈ-రిసోర్సెస్ విభాగానికి వచ్చే గమనిక సాధారణంగా ఇలా ఉంటుంది: యాక్సెస్ ప్రాబ్లమ్, దయచేసి చూడండి. దీన్ని అందుకున్నవారు చేయగలిగినది ఒక్కటే, పాఠకుడికి ఫోన్ చేసి మొదటి నుంచీ మళ్లీ అడగడం. అదే గమనిక ఇలా ఉందనుకోండి: కెమిస్ట్రీ రెండో ఏడాది స్కాలర్, హాస్టల్ వైఫైలో వ్యాసం తెరుచుకుంటోంది, సొంతూరు వెళితే తెరుచుకోవడం లేదు, లాగిన్ పేజీ వస్తోంది గానీ మన విశ్వవిద్యాలయం పేరు జాబితాలో కనిపించడం లేదంటున్నారు, పాస్‌వర్డు నేను సరిచూశాను, బాగానే ఉంది, సోమవారం సెమినార్, శనివారం లోపు కావాలి, రేపు మధ్యాహ్నం ఏదో ఒకటి చెబుతామని మాట ఇచ్చాను. ఇది రాయడానికి మూడు నిమిషాలు పడుతుంది, అవతలివారికి అరపూట కలిసొస్తుంది. పాఠకుడి మాట, ఇప్పటికే చూసినవి, గడువు, ఇచ్చిన మాట, ఈ నాలుగూ ఉంటే అప్పగింత పూర్తయినట్టే.

పాఠకుడి మాట అన్నప్పుడు అది అతని మాటలోనే ఉండాలన్నది నా ఉద్దేశం. మన విద్యార్థులలో చాలామంది తెలుగులో అడుగుతారు, మనం ఇంగ్లీషులో రాసుకుంటాం. ఆ మధ్యలో ప్రశ్న మారిపోతుంది. ఒకసారి చరిత్ర విద్యార్థి ఒకరు కౌంటర్‌కు వచ్చి, మా ఊరి గుడిలో ఉన్న శాసనం ఎక్కడైనా అచ్చయిందా అని అడిగారు. రిజిస్టరులో అది టెంపుల్ హిస్టరీ బుక్స్ అని నమోదై స్టాక్ విభాగానికి వెళ్లింది. వారు ఆలయాల చరిత్ర మీద ఉన్న పుస్తకాలు ఆరు తీసి ఇచ్చారు. అతను రెండు రోజులు వాటిని తిరగేసి నిరాశతో వెళ్లిపోబోతుండగా రిఫరెన్స్ విభాగంలోని ఒక పెద్దాయన పలకరించి, ఊరి పేరు, పాత తాలూకా పేరు అడిగి, భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ ప్రచురించిన దక్షిణ భారత శాసన సంపుటాల వైపు తీసుకువెళ్లారు. వాటిలో పదో సంపుటం మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు శాసనాలది. స్థలసూచిలో ఊరి పేరు దొరికింది. శాసనం అన్న ఒక్క మాటను ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసి ఉంటే ఆ ప్రశ్న తిన్నగా ఆ పెద్దాయన బల్ల మీదికే వచ్చేది. టికెట్ సాఫ్ట్‌వేర్ ఎంచుకునేవారు తెలుగు లిపి సరిగా నిలుస్తుందో లేదో, తెలుగు మాటతో వెతికితే దొరుకుతుందో లేదో కొనే ముందే పరీక్షించి చూసుకోవాలి.

ఇదే సందర్భంలో మరో మాట చెప్పాలి. ఎవరికి ఏం తెలుసన్న జాబితా విభాగాల పేర్లతో కాక మనుషుల పేర్లతో తయారు చేసుకోవడం మంచిది. శాసనాల సంగతి తెలిసినవారు పీరియాడికల్స్ విభాగంలో ఉండవచ్చు, పాత ఉర్దూ పత్రికలు చదవగలవారు బైండింగ్ విభాగంలో ఉండవచ్చు. ఈ జాబితాలో బయటివారికి కూడా చోటు ఇవ్వాలి. తాళపత్రాల మీద ప్రశ్న వస్తే తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధన సంస్థకు, మన దగ్గర లేని పుస్తకానికి, గ్రంథాలయాల మధ్య పుస్తకాలు ఇప్పించే డెల్‌నెట్‌కు ఎవరు రాయాలో, ఎలా రాయాలో ముందే నిర్ణయించి ఉంచాలి. వారి చిరునామా పాఠకుడి చేతిలో పెట్టడం కాదు, మనమే రాసి జవాబు తెప్పించాలి.

మీ గ్రంథాలయానికి ఏది

రోజుకు విభాగం మారవలసిన ప్రశ్నలు పది లోపు, సిబ్బంది అందరూ ఒకే భవనంలో ఒకరి గొంతు ఒకరికి వినిపించే దూరంలో ఉంటే ఫోన్ అప్పగింత, దానికి తోడు ఒక రిజిస్టరు సరిపోతాయి. అనుబంధ కళాశాలల గ్రంథాలయాలు, కొత్తగా ఏర్పడిన జిల్లా విశ్వవిద్యాలయాలు చాలావరకు ఈ కోవలోకి వస్తాయి. వారికి టికెట్ సాఫ్ట్‌వేర్ సిఫార్సు చేయను. ఉన్న ఇద్దరు ఉద్యోగులలో ఒకరి సమయం దాన్ని నింపడానికే పోతుంది.

సగానికి పైగా ప్రశ్నలు మెయిల్‌లోనే వస్తుంటే, లేదా విభాగాధిపతులు క్యాంపస్‌లో వేర్వేరు భవనాల్లో ఉంటే ఉమ్మడి మెయిల్‌కు మారాలి. ఎదురుగా వచ్చినవారికి మాత్రం ఫోన్ అప్పగింతను కొనసాగించాలి. రెండింటినీ కలిపి వాడటంలో తప్పు లేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఎక్కువ వాటికి నేను సూచించేది ఈ జోడీనే. ఖాళీ పోస్టులు నిండక ఒక్కొక్కరు రెండు మూడు విభాగాలు చూస్తున్న పరిస్థితిలో కొత్త సర్వర్‌ను నమ్ముకోవడం కంటే అందరికీ అలవాటైన మెయిల్‌ను క్రమశిక్షణతో వాడటం మేలు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని ఇందిరాగాంధీ స్మారక గ్రంథాలయం స్థాయిలో, వేల మంది పాఠకులు, అనేక విభాగాలు, పరిశోధకుల రద్దీ ఉన్నచోట టికెట్ వ్యవస్థ ఆలోచించదగినది. దానికి నా షరతులు మూడు. ఉమ్మడి మెయిల్‌ను కనీసం ఆరు నెలలు సక్రమంగా నడిపి చూపించి ఉండాలి. వ్యవస్థను చూసుకోవడం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి, వారిలో ఒకరైనా రెగ్యులర్ ఉద్యోగి కావాలి. విభాగాల సంఖ్యను ఐదారుకు మించనివ్వకూడదు, ఎందుకంటే ఎక్కువ పెడితే ఏ ప్రశ్న ఏ డబ్బాలో వేయాలో తేల్చుకోలేక సిబ్బంది అన్నింటినీ ఇతరములు అన్న దానిలో వేస్తారు. కౌంటర్లు కలిపే ఆలోచన ఉన్నవారు ఇదంతా కుదురుకున్నాకే దాని జోలికి వెళ్లాలి.

పూచీ నియమాన్ని మొదలుపెట్టేటప్పుడు సిబ్బంది నుంచి న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది: తీర్చే అధికారం నాకు లేని ప్రశ్నకు నేనెలా పూచీ వహించాలి? ఇక్కడ పూచీ అంటే జవాబు చెప్పడం కాదని స్పష్టం చేయాలి. ప్రశ్న ఎక్కడ ఉందో తెలిసి ఉండటం, ఇచ్చిన మాట గడువు దాటితే గుర్తు చేయడం, ఆలస్యమైతే పాఠకుడికి ఆ సంగతి ముందుగా చెప్పడం, ఈ మూడే మొదట విన్నవారి బాధ్యత. అందుకున్న విభాగం కూడా ఒక పని చేయాలి. ఇది మాది కాదనిపిస్తే పాఠకుడిని తిప్పి పంపకుండా, ప్రశ్నను మొదట విన్నవారికే కారణంతో తిరిగి ఇవ్వాలి. రెండోసారి కూడా తిరిగి వస్తే అది డిప్యూటీ లైబ్రేరియన్ బల్ల మీదికి వెళ్లాలి. ఈ రెండుసార్ల హద్దు పెట్టిన తర్వాతే మా దగ్గర విభాగాల మధ్య పరిధుల గొడవలు బయటపడి, ఒక్కొక్కటిగా తేలడం మొదలైంది. సిమిలారిటీ రిపోర్టులో మినహాయింపుల సంగతి అలా తేలినవాటిలో మొదటిది. ఇప్పుడు సర్క్యులేషన్ కౌంటర్ దగ్గరే ఒక పేజీ ఫారం ఉంది. స్కాలర్ ఏయే భాగాలు మినహాయించాలో రాసి గైడ్ సంతకంతో ఇస్తే, దాన్ని పైకి చేర్చేది కౌంటర్‌లోని వారే.

పద్ధతి పనిచేస్తోందా లేదా తెలుసుకోవడానికి మూడు నెలలకోసారి మొదటి రెండు వారాల లెక్కనే మళ్లీ వేయాలి. ఎన్ని ప్రశ్నలు వచ్చాయన్నది ముఖ్యం కాదు. ఒకటి కంటే ఎక్కువసార్లు చేతులు మారినవి ఎన్ని, ఇచ్చిన మాట దాటినవి ఎన్ని, మూసివేసినట్టు రాసినవాటిలో పాఠకుడికి నిజంగా జవాబు అందినవి ఎన్ని అన్నవి చూడాలి. చివరి దానికి యాదృచ్ఛికంగా ఒక పది ప్రశ్నలు తీసుకుని ఆ పాఠకులకు ఫోన్ చేసి అడగాలి. మేము మొదటిసారి అలా చేసినప్పుడు పూర్తయిందని గుర్తు పెట్టిన పదింటిలో మూడు పూర్తి కాలేదని తెలిసింది. ఆ మూడింటిలోనూ జవాబు ఒక విభాగం నుంచి మరో విభాగానికి చేరింది గానీ, పాఠకుడికి చెప్పవలసినది ఎవరో ఎక్కడా రాసి లేదు. అప్పటి నుంచి మా అప్పగింత చీటీలో ఐదో గడి వచ్చింది: పాఠకుడికి జవాబు చెప్పేవారి పేరు.